తలుపు కింద పాదాలు

చౌకమహల్ రెండో అంతస్తులో చీరల కౌంటర్ దగ్గర పద్నాలుగేళ్లుగా నిలబడుతున్న మాణిక్యానికి ఒక విద్య వచ్చు. కొనడానికి వచ్చిన మనిషి మెట్లెక్కి కౌంటర్ దాకా వచ్చేలోపే ఆవిడకి ఏ రంగు కావాలో, ఎంతలో కావాలో, తనకోసమో ఎవరికైనా పెట్టడానికో ఇట్టే చెప్పేస్తుంది. "అంతా మొహంలోనే ఉంటుందమ్మా, చదువుకోవడమే" అంటుంది. నల్లచీర కావాలని వచ్చినావిడ ముందు వంగపండు రంగు చీర పరిచి, "మీరు వెతుకుతున్నది ఇదే కదా" అని ఆవిడ చేతే అవుననిపించి పంపిన రోజులున్నాయి.

ఆమె ఆడపడుచు సువర్చల ఈ సంగతి పెళ్లిళ్లలో నలుగురికీ చెప్పి నవ్వించేది. "మా వదిన మీ మొహం చూసి మీ బీరువాలో ఏ చీర లేదో చెప్పేస్తుంది" అనేది. ఆ విద్యే తన ఆరేళ్ల పరిశోధనని నిలువునా ముంచుతుందని ఆమెకి కలలో కూడా తట్టలేదు.

సువర్చల గన్నవరం రోడ్డులోని ఒక నాడీ పరిశోధనశాలలో శాస్త్రవేత్త. చక్కెర జబ్బు ముదిరి అరికాళ్ల మంటలతో అల్లాడేవాళ్ల కోసం ఆమె ఒక పట్టీ తయారుచేసింది. రెండు వేళ్ల వెడల్పు, బూడిద రంగు, లోపలివైపు వరసగా సన్నటి లోహపు మొనలు. మోకాలి కింద చుట్టుకుంటే ఆ మొనలు చర్మం మీదనుంచే కాలి నరాలకి లయ తప్పకుండా చిన్న చిన్న తాకిడులు పంపిస్తాయి. ఐదు నిమిషాల్లో నొప్పి, అలసట అనే కబుర్లు మెదడుకి చేరడం మానేస్తాయి. స్పర్శ మాత్రం చేరుతూనే ఉంటుంది. పట్టీ విప్పేస్తే రెండు గంటల్లో అన్నీ మామూలైపోతాయి.

మొదట తనే కట్టుకుని చూసుకుంది. పొద్దున ఎనిమిదికి కట్టుకుని, సాయంత్రం దాకా ప్రయోగశాలలో నిలబడే పని చేసి, ఇంటికెళ్లి అన్నం కూడా నిలబడే తిని, పళ్లెం కడిగేటప్పుడు గానీ తను ఆ రోజంతా కూర్చోలేదన్న సంగతి గుర్తు రాలేదు. ఆ రోజు ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ప్రయోగశాలలో అందరూ దానికి తేలికపట్టీ అని పేరు పెట్టుకున్నారు.

ఆసుపత్రుల్లో పరీక్షలంటే ఏళ్లు పడతాయి. డైరెక్టర్ వరాహమూర్తికి అంత ఓపిక లేదు. "రోజూ గంటల తరబడి నిలబడేవాళ్లు ఒకే కప్పు కింద ఓ అరవైమంది దొరికితే మూడు నెలల్లో తేల్చేయొచ్చు కదమ్మా" అన్నాడు. అలాంటి చోటు సువర్చలకి తెలుసు. ఆమె కట్టుకునే చీరల్లో సగం అక్కడివే.

చౌకమహల్‌లో చీరలు కిలోల లెక్కన అమ్ముతారు. ఆషాఢం వచ్చిందంటే ఆ తూకం కాటా ముందు క్యూ మెట్ల మీదుగా రోడ్డు దాకా సాగుతుంది. పాత బట్టల కొట్లలో తెల్లటి పరుపులు వేసి ఉండేవి. కొనేవాళ్లూ చూపించేవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని, మంచినీళ్లు తాగి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుని బేరం చేసుకునేవాళ్లు. ఇక్కడ పరుపుల్లేవు, పొడుగాటి కౌంటర్లే. కొనేవాళ్లు గంటలో వెళ్లిపోతారు కాబట్టి వాళ్లకి అది లోటుగా తోచదు. "ఇంత చవగ్గా ఎలా ఇస్తారో!" అని అందరూ ముక్కున వేలేసుకుంటారు గానీ, జవాబు కోసం ఎవరూ ఆగరు. సువర్చల కూడా ఆగలేదు.

అయితే ఆమెది రాతిగుండె కాదు. సాయంత్రాలు అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడల్లా వదిన బకెట్‌లో ఉప్పు వేసిన వేణ్ణీళ్లు పోసుకుని, అందులో కాళ్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుని ఉండేది. పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉండేవి.  ఈ పట్టీ ముందుగా ఆ కాళ్లకే కట్టాలని సువర్చల మనస్ఫూర్తిగా కోరుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు.

మొదటిరోజు కౌంటర్ వెనక ఉన్న ప్లాస్టిక్ స్టూలు మీద మాణిక్యాన్ని కూర్చోబెట్టి, తనే నేలమీద కూర్చుని రెండు కాళ్లకీ పట్టీలు కట్టింది.

"ఏంటే, ఆడపడుచు నా కాళ్లు పట్టుకోవడమా? రేపు పొద్దున మీ అన్నయ్యకి చెప్తే నమ్ముతాడా?" అంది మాణిక్యం నవ్వుతూ.

"ఐదు నిమిషాలాగు వదినా. అప్పుడు నువ్వే నా కాళ్లు పట్టుకుంటావు."

ఐదు నిమిషాలయ్యాక మాణిక్యం లేచి నిలబడింది. మునివేళ్ల మీద లేచింది, మడమల మీద ఊగింది. ఆమె మొహం మీదనుంచి ఏదో బరువు జారిపోయింది, పెళ్లికూతురిగా వచ్చిన రోజుల నాటి మొహం బయటికొచ్చింది. "ఓసి నీ దుంప తెగ! నాకు కాళ్లున్నట్టే లేదే" అంది. ఆ మాటకి చుట్టూ ఉన్న అమ్మాయిలంతా నవ్వారు. సువర్చల అందరికంటే ఎక్కువ నవ్వింది.

తొమ్మిదో రోజున వెళ్లేసరికి స్టూళ్లు లేవు.

అంతకుముందు ఆ అంతస్తు మొత్తానికి పన్నెండు స్టూళ్లుండేవి. అమ్మాయిలు వంతులవారీగా, ఫ్లోర్ మేనేజర్ మురహరి అటు తిరిగినప్పుడు, ఓ రెండు నిమిషాలు కూలబడేవాళ్లు. "అవి ఎందుకండీ ఇప్పుడు? మీ పట్టీ ఉందిగా" అన్నాడు మురహరి. నెమ్మదైన మనిషి, గట్టిగా ఒక మాట అని ఎరగడు. అమ్మాయిలని కూడా "అమ్మా" అనే పిలుస్తాడు. ఆ నెలాఖరుకి రెండు షిఫ్టులు పోయి పన్నెండు గంటల షిఫ్టు ఒకటే మిగిలింది. సువర్చల ఇదంతా చూసింది. నోరు విప్పితే ప్రయోగం మధ్యలో ఆగిపోతుంది. మూడు నెలలు గడిచాక మాట్లాడదాంలే అనుకుంది.

ఆ తర్వాత ఆమె ఇంకా పెద్ద తప్పు చేసింది. అది చెప్పకపోతే ఈ కథ చెప్పి ప్రయోజనం లేదు.

పాదంలో స్పర్శ పోలేదని నిర్ధారించడానికి వారం వారం ఒక పరీక్ష ఉంది. గాలం దారం లాంటి సన్నటి నైలాన్ పోగు తీసుకుని, మనిషిని కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, అరికాలి మీద పదిచోట్ల తాకించి, తెలిసిందా అని అడగాలి. మనిషికి నాలుగు నిమిషాలు. మురహరి చేతులు జోడించాడు. "మేడమ్, ఏమైనా చేయండి గానీ, కూర్చోబెట్టడం మాత్రం వద్దండి. ఒకళ్లు కూర్చుంటే మిగతా అందరికీ కాళ్లు గుర్తొస్తాయి."

ఆ వారమే కాకుండా తర్వాతి వారాల్లో కూడా సువర్చల పోగుని సంచిలోనే ఉంచేసింది. కాగితం పట్టుకుని కౌంటర్ల వెంట నడుస్తూ, నోటితో అడిగి రాసుకుంది. నొప్పి సున్నా నుంచి పదిలోపు ఎంత? కాలి కింద నేల తెలుస్తోందా?

"సున్నా అండీ. తెలుస్తోందండీ" అనేది ట్రయల్ రూముల దగ్గర ఉండే షంషాద్, చేతిలో చుడీదార్లు మడతపెడుతూ.

"సున్నా. బ్రహ్మాండంగా తెలుస్తోంది" అనేది మాణిక్యం.

అరవైమందీ అదే మాట. పన్నెండు వారాలు, ఒక్క గీత కూడా తేడా లేదు. వరాహమూర్తి ఆ కాగితాలు చూసి, "ఇంత శుభ్రమైన ఫలితాలు నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నాడు. అంత శుభ్రంగా ఉన్నప్పుడే అనుమానపడాల్సిందని ఆయనకీ తట్టలేదు, ఆమెకీ తట్టలేదు. ఆ శుక్రవారం సంతకాల సమావేశం పెట్టారు. ఆషాఢం లోపు చౌకమహల్ ముప్పై రెండు కొట్లలోనూ పట్టీలు కట్టాలని ఒప్పందం.

మంగళవారం మాణిక్యానికి సెలవు. మధ్యాహ్నం సువర్చల స్వీట్ల డబ్బా పట్టుకుని కృష్ణలంకలో అన్నయ్య వాటాకి వెళ్లింది. అన్నయ్య ఆటోనగర్‌లో లేతు మిషన్ పనికి పోయాడు. వదిన వంటింట్లో గారెలు వేస్తోంది.

"రావే, మొహం వెలిగిపోతోంది. సంతకాలు ఎప్పుడు?" అంది మాణిక్యం వెనక్కి తిరగ్గానే.

"శుక్రవారం. నీకెలా తెలుసు?"

"నీ మొహమే చెప్తోందిగా." ఆమె పళ్లెంలో గారెలు పెట్టుకుని ముందుగదిలోకి నడిచొచ్చింది.

సువర్చల గారె అందుకోబోయి ఆగిపోయింది. వంటింటి గుమ్మం నుంచి ముందుగది దాకా సిమెంటు నేలమీద, అడుగు విడిచి అడుగు, ఎర్రటి మరకలున్నాయి. ఎడమకాలి అడుగు పడిన ప్రతిచోటా ఒకటి.

"వదినా, కూర్చో."

"ఏమైంది?"

"కూర్చోమన్నానా!"

పాదం ఒళ్లో పెట్టుకుని చూసింది. మడమలో గుండుసూదులున్నాయి. కొత్త చీరల మడతల్లో గుచ్చి పంపే చిన్న సూదులు, కౌంటర్ల కింద రాలి ఉండేవి. తలలు చర్మంతో సమంగా దిగిపోయి ఉన్నాయి. గోళ్లతో పట్టుకుని ఒక్కొక్కటే లాగింది. నాలుగు. ఆఖరిదానికి తుప్పు పట్టి ఉంది, దాని చుట్టూ మాంసం నల్లబడి ఉంది. లాగుతున్నంతసేపూ మాణిక్యం గారెల గురించే మాట్లాడుతోంది, పిండి జారైపోయిందని.

"పట్టీ ఎప్పుడు విప్పావు?"

"నిన్న ఇంటికి రాగానే విప్పేశా. సెలవురోజు ఎందుకులే అని."

విప్పిన రెండు గంటల్లో అన్నీ మామూలైపోవాలి. సువర్చల సంచిలోంచి నైలాన్ పోగు తీసింది. బొటనవేలి కింద తాకించింది. గట్టిగా ఒత్తింది, పోగు వంగిపోయింది.

"తెలుస్తోందా?"

మాణిక్యం ఆమె మొహంలోకి చూసింది. "తెలుస్తోంది" అంది.

"కళ్లు మూసుకో." ఈసారి సువర్చల పాదాన్ని అసలు ముట్టుకోలేదు. "తెలుస్తోందా?"

"ఆఁ."

 పొయ్యి మీద నూనె చిటపటలాడుతూనే ఉంది. సువర్చల లేచి వెళ్లి పొయ్యి ఆపి వచ్చింది.

"ఎప్పటినుంచి వదినా?"

"ఏమో. నెలా నెలన్నర అయ్యుంటుంది. ముందు వేళ్లు, తర్వాత మడమ. ఇప్పుడు పిక్క సగం దాకా."

"వారం వారం అడిగాను కదా! పన్నెండుసార్లు అడిగాను! తెలుస్తోందన్నావే?"

"అరవకే. నువ్వు అడగడానికి వచ్చినప్పుడు నీ మొహం ఎలా ఉండేదో నీకు తెలుసా? ఆ కాగితం పట్టుకుని, పెదాలు బిగించి, పరీక్ష రాసిన పిల్ల మార్కుల కోసం చూస్తున్నట్టు. సున్నా అంటే విచ్చుకునేది. ఒకసారి పాపం ఆ కొత్తపిల్ల రెండు అనబోయింది, నీ మొహం చిన్నబోయింది. వెంటనే సున్నా అనేసింది. వచ్చిన మనిషికి ఏం కావాలో చూసి అదే తీసి పరుస్తాం. మాకు నేర్పిందే అది. నీకు సున్నా కావాలి. సున్నా ఇచ్చాం."

"నేను కస్టమర్నా వదినా?"

"కౌంటర్‌కి అవతల నిలబడి అడిగేవాళ్లంతా కస్టమర్లే."

సువర్చల ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "ఇంక ఆ కొట్లో అడుగుపెట్టను. దారపుపోగు కూడా కొనను" అంది.

మాణిక్యానికి కోపం వచ్చింది. ఆమెకి కోపం రావడం అరుదు. "నువ్వు కొనడం మానేస్తే నాకు కాళ్లొస్తాయా? అందరూ మానేస్తే నాకు జీతమొస్తుందా? కొను, మానుకో, నీ ఇష్టం. పద్నాలుగేళ్లలో నా ముందు ఎన్ని వేలమంది నిలబడ్డారో. ఇంకో రంగు ఉందా, ఇంకాస్త తగ్గుతుందా అని అడిగారు. నీకు కూర్చోడానికి ఏమైనా ఉందామ్మా అని ఒక్కరు అడగలేదు. నువ్వూ అడగలేదు. స్టూళ్లు లేకుండా పోయిన రోజు నువ్వక్కడే ఉన్నావు. అది కూడా చూశాను నీ మొహంలో."

సువర్చల ఆ నాలుగు సూదుల్నీ కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. శుక్రవారానికి మూడు రోజులుంది. మిగతా యాభై తొమ్మిదిమంది సంగతి తేల్చాలి. తను ఎదురుపడి అడిగితే మళ్లీ అందరూ సున్నా అంటారు. ఆలోచించగా ఆలోచించగా దారి దొరికింది. తన మొహం వాళ్లకి కనపడకూడదు.

బుధవారం మధ్యాహ్నం, కొట్లో జనం పల్చబడే వేళ, సువర్చల రెండు చుడీదార్లు చేతిలో వేసుకుని ట్రయల్ రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ట్రయల్ రూముల ముందు కెమెరాలుండవు. తలుపు నేలదాకా ఉండదు, కింద జానెడు ఖాళీ ఉంటుంది. నైలాన్ పోగు పట్టుకుని నేలమీద కూర్చుంది. బయట షంషాద్ కస్టమర్ కోసం కాచుకున్నట్టు నిలబడింది. మాణిక్యం అమ్మాయిలందరికీ ముందే చెప్పి ఉంచింది.

మొదట షంషాదే చెప్పు విడిచి పాదం తలుపు కిందనుంచి లోపలికి జరిపింది. సువర్చల పోగు తాకించింది. పాదం చటుక్కున ముడుచుకుంది.

"చక్కిలిగింత మేడమ్."

"అమ్మయ్య" అనుకుంది సువర్చల. "షంషాద్, నీకు బాగానే తెలుస్తోంది. నొప్పి ఎంత? నిజం చెప్పు."

తలుపు అవతల షంషాద్ గొంతు తగ్గించింది. "నేను పట్టీ సరిగ్గా పెట్టుకోను మేడమ్. దురద పెడుతుందని వదులుగా కడతా. నొప్పి తొమ్మిది. ఒక్కోరోజు పది. బాత్‌రూమ్‌కి వెళ్లినప్పుడు అక్కడే ఐదు నిమిషాలు కూర్చుంటా."

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. మట్టెలు పెట్టుకున్న పాదాలు, పగిలిన మడమలు, గోరింటాకు వెలిసిన వేళ్లు. చేతిలో ఏదో ఒక బట్ట పట్టుకుని వచ్చి, గోడకి ఆనుకుని, ఒక పాదం తలుపు కింద పెట్టేవాళ్లు. సువర్చల తాకించేది, గుచ్చేది. కొందరి పాదాలు ముడుచుకునేవి. చాలామందివి కదలకుండా అలాగే ఉండేవి.

"మొదలుపెట్టండి మేడమ్, మురహరి సార్ వచ్చేస్తారు" అంది ఒకమ్మాయి.

పదిసార్లు గుచ్చడం అప్పటికే అయిపోయింది.

మొహం కనపడకపోయేసరికి ఆ నోళ్లు తెరుచుకున్నాయి. మెట్లు దిగేటప్పుడు కళ్లతో చూసుకుంటూ దిగుతానంది ఒకామె. ఇస్త్రీపెట్టె పాదం మీద పడితే వాసనని బట్టి తెలుసుకున్నానంది ఇంకొకామె. చంటిపిల్లని ఎత్తుకుని నడవడం మానేశానంది మరొకామె. అన్నీ మెల్లగా, చీర ధర చెప్పినంత మామూలుగా చెప్పారు. సువర్చల చుట్టూ మూడువైపులా అద్దాలున్నాయి. ఎటు తల తిప్పినా తన మొహమే కనపడుతోంది. ఆమె తల వంచుకుని పేరూ, పాదమూ, తెలిసిందీ తెలియనిదీ రాసుకుంటూ పోయింది.

గురువారం సాయంత్రానికి అరవైమందీ పూర్తయ్యారు. ముప్పై ఎనిమిది మందికి పాదాలు లేవు. అంటే పాదాలున్నాయి, ఆ సంగతి వాళ్లకి తెలియడం లేదు.

ప్రయోగశాలలో కూర్చుని లెక్కలు మళ్లీ వేస్తే అసలు లోపం బయటపడింది. పట్టీని రోజుకి ఎనిమిది గంటలకని లెక్కగట్టి చేశారు, అది కూడా మధ్యమధ్య కూర్చునే మనిషికి. కూర్చున్నప్పుడు నరం తేరుకుంటుంది. అసలు కూర్చోని మనిషి కాళ్లకి పన్నెండేసి గంటలు కడితే, చెప్పే కబురు వినేవాళ్లు లేక నరం చెప్పడమే మానేస్తుంది. ఆ స్టూళ్లు ఉండి ఉంటే సగం మంది దక్కేవాళ్లు.

శుక్రవారం సమావేశంలో సువర్చల సంతకం పెట్టలేదు. ఎవరెవరి పాదాలు ఎలా ఉన్నాయో పేర్లతో సహా నివేదిక బల్లమీద పెట్టింది. మనుషుల మీద ప్రయోగాల మంచిచెడ్డలు చూసే వైద్య నైతిక సంఘానికి ఒక ప్రతి పంపానని చెప్పింది. వరాహమూర్తి మొహం నల్లబడింది. చౌకమహల్ తరఫున వచ్చిన మురహరి మాత్రం ఏమీ కంగారు పడలేదు. నివేదిక తన ముందుకి జరుపుకుని నిదానంగా పేజీలు తిప్పాడు.

"అయ్యయ్యో. అలాగైతే వద్దండి. మీ పట్టీలు మీరు తీసుకెళ్లిపోండి. ఈ కాగితం మాకో కాపీ ఇస్తారా?"

ఇచ్చింది. వాళ్ల వైద్యానికి పనికొస్తుందనే ఇచ్చింది. పట్టీలన్నీ అట్టపెట్టెల్లో వెనక్కి వచ్చేసిన రోజు ఆమె గెలిచాననుకుంది.

ఆషాఢం వచ్చింది. విచారణ కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుతున్నాయి. "మేడమ్, చౌకమహల్‌లో కిలో సగం ధరకేనట, వస్తారా?" అని ప్రయోగశాలలో పక్క గది అమ్మాయి పిలిచింది. సువర్చల చీరల కోసం కాకపోయినా వెళ్లింది.

రెండో అంతస్తులో ఇసుక వేస్తే రాలనంత జనం. స్టూళ్లు తిరిగి రాలేదు. షిఫ్టు కూడా ఒకటే. ట్రయల్ రూముల దగ్గర షంషాద్ లేదు, ఎవరో కొత్త మనిషి ఉంది. కౌంటర్ల వెంట ఒక చివరనుంచి ఇంకో చివరకి చూసుకుంటూ నడిచింది. తెలిసిన మొహాలన్నీ తలుపు కింద కదలని పాదాలవాళ్లవే. ముడుచుకున్న పాదాలవాళ్లు ఒక్కరూ కనపడలేదు.

మురహరి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. "మీ కాగితం చాలా ఉపయోగపడింది మేడమ్. సీజన్‌లో ఎవరు నిలబడగలరు, ఎవరు నిలబడలేరు అని మాకు ఏటా తలనొప్పి. ఈసారి ఎవరినీ అడగాల్సిన పనే పడలేదు. నొప్పి ఉన్నవాళ్లని ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నాం. వీళ్లకి పట్టీ కూడా అక్కర్లేదు కదా."

నెమ్మదిగా, మర్యాదగా అన్నాడు. అతని వెనకాల గోడమీద కిలో ధర రాసిన అట్ట వేలాడుతోంది.  అతను చెప్పిన కాగితం సువర్చల రాసిన జాబితానే. ఏ పాదం బతికి ఉందో, ఏ పాదం చచ్చిపోయిందో తన చేత్తో గీతలు గీసి ఇచ్చింది. దాన్ని అతను తలకిందులుగా చదువుకున్నాడు.

కౌంటర్ అవతల మాణిక్యం చీర మీద చీర పరుస్తోంది. ఎడమ మడమకి కట్టు ఉంది. నిటారుగా, నవ్వుతూ, అలుపు ఎరగని మనిషిలా నిలబడి ఉంది. "ఈవిడ చూడు, ఎంత ఓపికో!" అని ఒక కస్టమర్ పక్కావిడతో అంటోంది. సువర్చల ఆ గుంపుని తోసుకుని ముందుకి వెళ్లి, గొంతెత్తి, "ఈమెకి కూర్చోడానికి ఏమైనా వేస్తారా?" అని అడిగింది. నలుగురు తిరిగి చూశారు. ఒకావిడ, "ముందు మమ్మల్ని చూడనివ్వండమ్మా, పొద్దున్నుంచి క్యూలో ఉన్నాం" అని విసుక్కుంది. మాణిక్యం తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు.

శ్రావణం మొదట్లో మాణిక్యాన్ని ప్రయోగశాలకి తీసుకొచ్చింది. మడమ పుండు మానలేదు. దానికంటే ముఖ్యం, నరం మళ్లీ మొలుస్తుందా అన్నది తేలాలి. మొలుస్తుందని తేలితే వైద్యం చేయొచ్చు, మిగతా ముప్పై ఏడుగురికీ అదే దారి. మాణిక్యాన్ని బల్లమీద పడుకోబెట్టి, కాలికి తీగలు అంటించి, సువర్చల పక్క గదిలో తెర ముందు కూర్చుంది. కాలి నుంచి ఒక్క అల లేచినా చాలు. గంటసేపు చూసింది. తాకిడి పెంచింది. తెరమీద గీత గీతలాగే ఉండిపోయింది.

"అయిందా?" తలుపు అవతలనుంచి మాణిక్యం గొంతు.

"అయింది వదినా."

"కాళ్లు వస్తాయా?"

సువర్చల కుర్చీలోంచి లేచింది గానీ తలుపు తీయలేదు. చెక్క మీద చేయి ఆనించి నిలబడింది. "వస్తాయి వదినా. కొంచెం టైం పడుతుందంతే."

అవతల తీగలు పీకేస్తున్న చప్పుడు.

"తలుపు తియ్యి."

"మందులు రాస్తున్నా, ఆగు."

"ఆ రోజు నువ్వు తలుపు వేసుకుని మా చేత నిజం చెప్పించావు. బాగుంది. ఇప్పుడు నేనూ అడుగుతున్నా. తలుపు తీసి చెప్పు."

సువర్చల తలుపు తీసింది. మొహం సరిచేసుకుందామని చూసింది, చేతకాలేదు.

మాణిక్యం బల్లమీద కూర్చుని ఉంది. మెట్లెక్కి వస్తున్న మనిషిని చూసినట్టు ఆడపడుచు మొహం వంక ఒక్క క్షణం చూసింది. అంతకంటే ఎక్కువసేపు ఆమెకి ఎప్పుడూ అవసరం పడలేదు. తర్వాత చీర కొంగు ఒళ్లోకి లాక్కుని, అంచులు కలిపి, నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో అద్దింది. మళ్లీ విప్పేసింది.

"సరేలే" అంది.

"వదినా..."

"ఏడవకు. ఒక పూటే సెలవిచ్చారు, రెండు గంటలకల్లా డ్యూటీలో ఉండాలి. శ్రావణం సేలు మొదలైంది." ఆమె పాదాలు కిందికి దించి, నేలని చేరాయో లేదో వంగి చూసుకుంది. "నా చెప్పులు ఎక్కడున్నాయో చూసి తొడుగు. నేనే తొడుక్కుంటే వేసుకున్నానో లేదో నాకు తెలియడం లేదు."

సువర్చల నేలమీద కూర్చుని వదిన కాళ్లకి చెప్పులు తొడిగింది.